నావత్తు

బోర్డు మీద ఏం రాయాలో చెప్పమని తపన్ మాయాబందర్ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను డైరీ ఫార్మ్ అనే పేటలో మా ఇంటి పెరట్లో కూర్చుని చేపలు తోముతున్నాను. చేతుల నిండా పొలుసు. ఫోను ముక్కుతో నొక్కి మాట్లాడాల్సి వచ్చింది. మా పాత గల్లీ మొదట్లో బస్సు ఆగే చోట, నాన్న ముసలితనంలో రోజూ పొద్దున్నే వచ్చి కూర్చునే చోట, గల్లీవాళ్ళంతా కలిసి రేకుల షెడ్డు వేశారట. లోపల సిమెంటు అరుగు కట్టారట. దానికి నాన్న పేరు పెడతారట. తపన్ బోర్డులు రాసే పెయింటరు. బెంగాలీవాడు, నాతో మాట్లాడేది సగం హిందీ, సగం మా గల్లీ తెలుగు. నన్ను మాసీ, అంటే పిన్నీ అని పిలుస్తాడు. “మాసీ, నామ్ నువ్వే చెప్పాల. హమ్‌లోగ్ తో నానాజీ అనే రాసేద్దాం అనుకున్నాం. అమ్మ ఒప్పుకోలే. ముందు టీచర్ మాసీని అడుగు, తర్వాత బ్రష్ ముట్టుకో అంది” అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. “నానాజీ ఏమిట్రా? ఆయనకు అమ్మా అయ్యా పెట్టిన పేరు లేదా? నేను వచ్చేదాకా ఒక్క అక్షరం రాయకు” అని, మళ్ళీ ముక్కుతోనే ఫోను పెట్టేశాను.

ఆ కోపం ఈనాటిది కాదు. హిందీలో నానా అంటే తల్లికి తండ్రి, అంటే మన లెక్కలో తాత. తెలుగులో నాన్న అంటే ఎవరో చెప్పనక్కర్లేదు. ఈ రెంటికీ మధ్య ఉన్నది ఒక్క ఒత్తు. ‘న’ కింద గాలంలా వేలాడే చిన్న గీత. ఈ ద్వీపాల్లో తెలుగు టీచరుగా నా ఉద్యోగమంతా ఒత్తులు దిద్దడంతోనే గడిచింది. మా పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, కాగితం మీద పెట్టమంటే ఒత్తులన్నీ సముద్రంలో పారేసి వస్తారు. ‘నాన’ అని రాసిన ప్రతి పుస్తకంలోనూ ఎర్ర సిరాతో ఆ ఒత్తు నేనే పెట్టాను. తోటి టీచర్లు నవ్వేవారు, అంత చిన్నదానికి అంత పట్టుదల ఎందుకని. ఆ చిన్నది పోయినందుకు నా చిన్నతనంలో మా ఇంట్లో ఏం జరిగిందో వాళ్ళకేం తెలుసు?

మా నాన్న పేరు సింహాచలం. శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు పల్లె. వేటకు వెళ్ళిన తండ్రి తిరిగి రాకపోతే, మీసం రాని వయసులోనే పట్టాళంలో చేరాడు. చెల్లెళ్ళందరికీ పెళ్ళిళ్ళయ్యాక గానీ తన పెళ్ళి మాట తలపెట్టలేదు. ఈలోగా మంచుకొండల్లో ఒక యుద్ధం చూశాడు. ఎడమకాలి వేళ్ళు కొన్ని అక్కడే వదిలేసి వచ్చాడు. పెళ్ళి పీటల మీద కూర్చునేటప్పటికే తల సగానికి పైగా నెరిసిపోయింది. అమ్మ ఆయనకంటే చాలా చిన్నది. హవల్దారుగా విడుదలై, మాయాబందర్ జెట్టీ గోదాములో ఉద్యోగం సంపాదించి, అమ్మనీ చంటిపిల్లనైన నన్నూ ఓడెక్కించి తీసుకొచ్చాడు. నేనొక్కదాన్నే సంతానం.

పట్టాళం వదిలినా పట్టాళం ఆయన్ని వదల్లేదు. తెల్లారకముందే లేచి, ఎనామిల్ మగ్గులో వేడినీళ్ళు పెట్టుకుని, కిటికీ చువ్వకి తగిలించిన అరచేతి అద్దంలో చూస్తూ గడ్డం గీసుకునేవాడు. ఆ తర్వాత బూట్ల పాలిష్. మా ఇంటి పొద్దుటి వాసన అంటే ఇప్పటికీ నాకు గుర్తొచ్చేది అదే: పాలిష్ వాసన, కట్టెపొయ్యి పొగ, పక్కవాళ్ళు ఎండబెట్టిన చేపల వాసన, వీటన్నిటి పైన వానకు తడిసి ఎన్నడూ పూర్తిగా ఆరని దుప్పట్ల వాసన. ఆ దుప్పట్లనే ఆయన అంచుకి అంచు కలిపి ఇటుకల్లా మడతపెట్టేవాడు. “ఫాలిన్!” అంటే నేను జడలు వేయించుకుని గుమ్మంలో నిలబడాలి. గోళ్ళు చూసేవాడు, చెవుల వెనక చూసేవాడు, చివరికి బుగ్గ మీద ఒక ముద్దు పెట్టి “డిస్మిస్” అనేవాడు. ముద్దు పెట్టే హవల్దారుని ఏ పట్టాళం భరించిందోనని అమ్మ నవ్వేది. మంచం కింద ఆయన నల్ల ట్రంకుపెట్టె ఉండేది. దాని మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. సిపాయికి ఉండేవి ఆ మూడే, మిగతావన్నీ సర్కారువి అని చెప్పేవాడు.

మా పల్లెలో తండ్రిని అయ్యా అనే పిలుస్తారు. నాన్నా అనే మాట మా ఇంటికి మంచుకొండల నుంచి వచ్చింది. అక్కడి డేరాలో నాన్న పక్కన పడుకునే ఆయన గుంటూరు వైపు వాడట. కూతురు పలక మీద అక్షరాలు దిద్దుకునే వయసుది. ఇంటి నుంచి ఉత్తరం వచ్చినప్పుడల్లా ఆయన దాన్ని పైకి చదివేవాడట, ‘నాన్నా’ అన్నచోట ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివేవాడట. ఆ చలికాలం ఆయన కొండ దిగి రాలేదు. పెళ్ళే కాని మా నాన్న, తనకు బిడ్డ పుడితే ఆ మాటతోనే పిలిపించుకోవాలని అప్పుడే అనుకున్నాడట. అందుకే నాకు మాటలు వచ్చే వేళకి, అయ్యా అని నేర్పబోయిన అమ్మని ఆపి, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ మాట తనే నేర్పాడు. ఇది నాకు చిన్నప్పుడు తెలియదు. చాలా కాలం తర్వాత, నా వంటింట్లో స్టూలు మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తూ, వంటలో ఉప్పు గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

ఇక గొడవ సంగతి. నాకప్పుడు ఏడేళ్ళుంటాయేమో. పక్కింట్లోకి శేఫాలీ దీదీ కొత్తగా కాపురానికి వచ్చింది. సన్నగా, పిట్టలా ఉండేది. మొగుడు కలప పడవ మీద పనిచేసేవాడు, ఇంట్లో ఉండేదే తక్కువ. ఒకరోజు సాయంత్రం ఆమె గట్టు మీద కూర్చుని అమ్మతో కబుర్లు చెబుతూ, చాలా జాలిగా, “దీదీ, ఒక మాట అడగనా? మీ ఆయన ఏ షిప్‌లో ఆతా హై? ఎప్పుడొస్తాడు?” అంది. అమ్మ బియ్యం చెరగడం ఆపింది. “సిప్పేటమ్మా? సైకిలు మీదొస్తాడు. ఇంకాసేపట్లో వచ్చీస్తాడు” అంది. శేఫాలీ దీదీ మొహం వెలిగిపోయింది, ఇన్నాళ్ళకి అల్లుడు వస్తున్నాడు కదా అని! ఇంతలో నాన్న సైకిలు దిగాడు. నేను “నాన్నా!” అంటూ ఎగిరి మెడకి చుట్టుకున్నాను. ఆమె తలమీద కొంగు సర్దుకుని లేచి, “నమస్తే నానాజీ” అని, వీధి మలుపు వైపు చూస్తూ నిలబడింది. “ఎవలి కోసమమ్మా?” అంది అమ్మ. “జమాయిబాబు కోసం. మీ హస్బెండ్.” అమ్మ చేతిలో చేట జారి కింద పడింది.

అప్పటికి గల్లీ అంతా అదే నమ్మకంలో ఉంది. తలనెరిసిన మనిషిని పిల్ల నానా అంటోంది కాబట్టి ఆయన తాత, పడుచు మనిషి ఆయన కూతురు, అల్లుడెవడో మెయిన్‌లాండ్‌లో ఈమెని పట్టించుకోకుండా కూర్చున్నాడు. అందుకే పాపం ఆడవాళ్ళందరూ అమ్మకి గిన్నెడు కూర ఎక్కువే పంపేవారు. సంగతి తెలిసి శేఫాలీ దీదీ నాలుక కరుచుకుని లోపలికి పారిపోయింది. నాన్న గుమ్మంలోనే చతికిలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. అమ్మకి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. “నవ్వుతావేటి? నాను నీకు కూతుర్నా? దాన్సేత అయ్యా అనిపించుంటే ఈ గొడవే నేకపోను! రేపు ఇల్లిల్లూ తిరిగి సెప్పు, తాతని కాదు, అయ్యనీ అని.” నాన్న కళ్ళు తుడుచుకుని, “మెడకి బోర్డు కట్టుకొని తిరగమంతావేటే?” అన్నాడు.

పెద్దవాళ్ళు తప్పు దిద్దుకున్నారు గానీ పిల్లలు దిద్దుకోలేదు. వాళ్ళకి నానాజీ కావాలి. ఈ సంగతి నాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు: అప్పట్లో మా గల్లీలో ముసలివాళ్ళే లేరు. బెంగాలీలు, రాంచీవాళ్ళు, తమిళులు, మేము, అందరం కుర్రవయసులో బతుకుతెరువు వెతుక్కుని వచ్చినవాళ్ళ ఇళ్ళే. తాతలూ అమ్మమ్మలూ ఓడకి అవతలి ఒడ్డునే ఉండిపోయారు. అలాంటి చోట నెరిసిన తల ఒక్కటే కనిపిస్తే పిల్లలు ఊరుకుంటారా? బెంగాలీలో తల్లికి తండ్రిని దాదూ అంటారు, తమిళంలో ఇంకేదో అంటారు. అయినా ద్వీపంలో పిల్లలందరి ఆటల భాషా హిందీయే కాబట్టి ఆయన అందరికీ నానాజీ అయిపోయాడు. సాయంత్రం సైకిలు బెల్లు వినపడగానే గల్లీలోని పిల్లలంతా “నానా, నానా” అంటూ ఎగబడేవారు. ఎడమకాలి మేజోడు విప్పి, వేళ్ళు మంచు కొరికేసిన సంగతి చెప్పమనేవారు. ఆయన చెప్పేవాడు, ప్రతిసారీ కొత్త అబద్ధం కలిపి. నేను మాత్రం స్తంభానికి ఆనుకుని మూతి ముడుచుకుని నిలబడేదాన్ని.

ఒకరోజు పట్టలేక అడిగేశాను. ఆయన బూట్లు తుడుస్తున్నాడు. “నాను పిలిసినా పలుకుతావు, ఆళ్ళు పిలిసినా పలుకుతావు. మరి నాకేటి?” నాన్న నవ్వలేదు. బూటు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, నా పలక తీసుకున్నాడు. ఆయన రాత పెట్టె మీది అక్షరాల్లాగే నిటారుగా ఉండేది. ‘నాన’ అని రాశాడు. “ఇది గల్లీది.” తర్వాత రెండో ‘న’ కింద నెమ్మదిగా ఒత్తు పెట్టాడు. “ఇది నీది. దీన్ని బడిలో ఏటంతారు?” నావత్తు అన్నాను. “అదే మరి. నా వత్తు. ఆళ్ళు పిలిసినపుడు ఇది ఉండదు, నువ్వు పిలిసినపుడు ఉంతాది. యెనకనించి పిలు, ఇరవైమంది మజ్జన పిలు, నాకు ఇనపడిపోద్ది. అది నువ్వు తప్ప ఇంకెవలూ పిలవనేరు.” నేను పరీక్ష పెట్టకుండా ఉంటానా! జెట్టీ దగ్గర ఓడ వచ్చిన రోజున, గల్లీ పిల్లలంతా అరుస్తుంటే వాళ్ళ వెనక నక్కి, చిన్నగా “నాన్నా” అన్నాను. బస్తాల మధ్య నుంచి ఆయన తల నేరుగా నావైపు తిరిగింది. ఆ రోజు నేను ఎంత సంతోషపడ్డానో ఇప్పుడు రాస్తుంటే మళ్ళీ అంతే సంతోషంగా ఉంది.

శేఫాలీ దీదీకి నెల తప్పింది. పుట్టింటికి వెళ్ళాలంటే ఓడలో రోజుల తరబడి ప్రయాణం, పైగా కక్కులు. వెళ్ళలేదు. ఒకనాడు నాన్న భోజనం దగ్గర, “చలిమిడి సెయ్యాలే” అన్నాడు. అమ్మకి అర్థం కాలేదు. కడుపుతో ఉన్న ఆడపిల్లకి కడుపు చల్లగా ఉండాలని పుట్టింటివాళ్ళు చలిమిడి తీసుకెళ్ళి ఒడిలో పెట్టడం మన ఆచారం. “ఎవలికి?” అంది అమ్మ. “శేఫాలీకి. రేపు దాని పిల్లోడు నన్ను నానా అంతాడు గదా. నానా అంటే ఏటి? తల్లికి తండ్రి. ఆ మాటకి పలికితే, దీనికీ పలకాల.”  అమ్మ లేచి వెళ్ళి బియ్యం నానబోసింది. మర్నాడు రోకటి పోటుతో పాటు “నాకు నాయంత కూతురు పుట్టీసినాది” అని సణుగుడు కూడా వినిపించింది గానీ, బెల్లం పాకంలో నెయ్యి మాత్రం ఎక్కువే వేసింది. నాన్న ఇస్త్రీ చేసిన ఖాకీ తొడుక్కుని, బూట్లు టకటకలాడిస్తూ ముందు నడిచాడు. అమ్మ పళ్ళెం, నేను పసుపుకుంకాలు. ఒడి పట్టమంటే శేఫాలీ దీదీ కొంగు పట్టింది గానీ, తల ఎత్తలేకపోయింది. చలిమిడి మీద ఆమె కన్నీళ్ళు పడుతుంటే అమ్మ తన కొంగుతో ఆమె కళ్ళు తుడిచి, “ఏడవకే, ఉప్పగైపోద్ది” అంది. ఆ పుట్టినవాడే తపన్. వాడికి మొదటి అన్నం ముద్ద మా నాన్నే తినిపించాడు. వాళ్ళలో అది మేనమామో తాతో చెయ్యాల్సిన పనట. ఆ తర్వాత గల్లీలో ఏ ఆడపిల్ల కడుపుతో ఉన్నా మా రోలు మోగింది.

అమ్మ పోయాక కూడా నాన్న చాలా ఏళ్ళు ఆ ఇల్లు వదలనన్నాడు. పొద్దున్నే బస్సు ఆగే చోట కర్ర పట్టుకుని కూర్చునేవాడు. బడి పిల్లలకి ఫాలిన్ చెప్పేవాడు, ఆసుపత్రికి వెళ్ళే ఆడవాళ్ళకి సీటు ఆపించేవాడు. కళ్ళు మసకబారాకే నా దగ్గరికి వచ్చాడు. తొంభై దాటి చాలా కాలం బతికి, కిందటేడాది వానల్లో, నా ఇంట్లోనే, నిద్రలో పోయాడు. రోడ్డు తెగిపోయి మాయాబందర్ నుంచి ఎవరూ రాలేకపోయారు. పెళ్ళయిన కూతురికి తండ్రి మైల మూడు రోజులు. ఆ మూడు రోజులూ నాన్న నాకు పూర్తిగా నాన్నే. చుట్టూ ఒక్కరు కూడా నానాజీ అనలేదు. అంత దుఃఖంలోనూ ఆ మాట వినపడని లోటు నాకు తెలిసింది, వింత కాదూ?

తపన్ ఫోన్ చేసిన మర్నాడు తెల్లవారుజామునే బస్సెక్కాను. ఆ దారిలో ఒకచోట బస్సే బల్లకట్టు లాంటి పంటె ఎక్కి సముద్రపు పాయ దాటుతుంది. దారి పొడవునా ఒకటే అనుకున్నాను: ట్రంకుపెట్టె మీద ఉన్నట్టే రాయించాలి. నంబరు, ర్యాంకు, పేరు. అంతే. ఎవరో పొరపాటున అన్న మాట ఆయన పేరుగా మిగిలిపోవడానికి వీల్లేదు. నేను కూడా పోతే ఈ భూమ్మీద ఆయన్ని నాన్నా అన్న గొంతు ఉండదు. బోర్డు చూసినవాళ్ళు ఎవరి తాతో అనుకుంటారు.

శేఫాలీ దీదీ మోకాళ్ళ నొప్పులతో గుమ్మం దిగలేకపోతోంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి వదల్లేదు. “నానాజీ పోయినప్పుడు రాలేదని గుస్సా హై క్యా?” అంది. లేదన్నాను. “రోడ్డు బంద్. ఏం చెయ్యాల? ఇంట్లోనే కూర్చున్నాను. మాలో పెళ్ళయిన కూతురికి మూడు రాత్రులు, నాలుగో రోజు కర్మ. చేపలు ముట్టలేదు, నూనె ముట్టలేదు, చాప మీద పడుకున్నాను. నాలుగో రోజు పూజారిని పిలిపించాను” అంది.  చేప లేకుండా ఒక్క పూట గడవని మనిషి. ఆమె నా చేతి మీద నెమ్మదిగా రాస్తూ, “పూజారి అడిగాడు, తండ్రి పేరు చెప్పమని. నానాజీ అనలేను కదా. అది తపన్‌కి. నాకు కాదు. మీ పెట్టె మీద తెల్ల అక్షరాలు యాద్ చేసుకుని సింహాచలం అన్నాను. మనసులో బాబా అనుకున్నాను, మీ తెలుగులో నాన్నా. ఆయన బతికుండగా పైకి ఒక్కసారీ అనలేదు, నీ మాట కదా అని” అంది. “బోర్డు కూడా అంతే. నువ్వు ఒద్దంటే ఒద్దు.”

ఇరవైమంది మధ్యలో నా పిలుపు గుర్తుపట్టిన నాన్నకి, ఈమె పైకి అనని పిలుపు వినపడకుండా ఉంటుందా? వినపడే ఉంటుంది. వినపడింది కాబట్టే ఖాకీ తొడుక్కుని చలిమిడి వెంట నడిచాడు. ఆ పిలుపు నా ఒక్కదానిదే అనుకున్నది నేను, ఆయన నన్ను ఓదార్చడానికి అన్న మాట పట్టుకుని. ఇద్దరం ఒకరి భుజం మీద ఒకరం తల పెట్టుకుని కరువుతీరా ఏడ్చాం.

సాయంత్రం ఆమెని మెల్లగా నడిపించుకుంటూ షెడ్డు దగ్గరికి తీసుకెళ్ళి అరుగు మీద కూర్చోబెట్టాను. తపన్ నల్ల రంగు ఆరిన రేకు ముందు బ్రష్ పట్టుకుని నిలబడ్డాడు. వాడి గడ్డం కూడా సగం నెరిసింది. పైన హిందీలో నానాజీ అని రాయమన్నాను. వాడు నా మొహం, వాళ్ళమ్మ మొహం మార్చి మార్చి చూసి, నవ్వి, పెద్ద అక్షరాలతో రాశాడు. దాని కింద హవల్దారు సింహాచలం. అడుగున తెలుగులో ఒక మాట. వాడికి తెలుగు రాయడం రాదు కాబట్టి నేను కాగితం మీద రాసిచ్చాను. బొమ్మ దించినట్టు దించి, వెనక్కి జరిగి, “ఠీక్ హై, మాసీ?” అన్నాడు. నా ఉద్యోగం చెయ్యి ఊరుకోదు కదా, కింద ఒకటి వదిలేశావన్నాను. వాడు కాగితం మళ్ళీ చూసుకున్నాడు. “యే ఛోటావాలా? ఇంత చిన్నది పెట్టకపోతే ఏం పోద్ది? అది ఎవరు చూస్తారు?”

“పెట్టరా” అన్నాను. “అది మీ అమ్మదీ, నాదీ.”